కీమో మందులు, సైడ్ ఎఫెక్టులు: మందుల కిటికీ దగ్గర రోజూ వినే ప్రశ్నలు

నేను ఒక కేన్సర్ ఆస్పత్రి డే కేర్ వార్డులో కీమో మందులు కలిపే ఫార్మసిస్టుని. గౌను, గ్లౌజులు వేసుకుని మందు కలపడం నా పనిలో సగం. మిగతా సగం కిటికీ దగ్గర నిలబడి జవాబులు చెప్పడం. డాక్టరు గదిలో అడగడానికి మొహమాటపడినవి, అప్పుడు గుర్తురానివి, ఆటో ఎక్కబోతుంటే గుర్తొచ్చినవి అన్నీ ఆ కిటికీ దగ్గరికే వస్తాయి. ఎక్కువసార్లు విన్నవాటిని ఇక్కడ రాశాను. మీ డోసు విషయంలో, మీ చీటీ విషయంలో మాత్రం ఆఖరి మాట మీ డాక్టరుదే.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే చెప్పమంటే?

థర్మామీటరు కొనుక్కోండి. కీమో తీసుకుంటున్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీలకు చేరిందంటే అర్ధరాత్రయినా, సంక్రాంతి రోజయినా ఆస్పత్రికి బయల్దేరాలి. పొద్దున చూద్దాంలే అనుకోకూడదు.

కారణం ఇదీ. కీమో పడిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి ఇన్‌ఫెక్షన్‌తో ముందుగా పోరాడే కణాలు. అవి లేనప్పుడు చీము పట్టదు, దగ్గు పెద్దగా రాదు, వాపు కనిపించదు. ఒక్క జ్వరమే కనిపిస్తుంది. ఆస్పత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలన్నది కేన్సర్ వార్డుల్లో పాటించే నియమం. మీరు వెళ్లేది కేన్సర్ ఆస్పత్రి కాకపోతే ఎమర్జెన్సీ గుమ్మంలోనే "ఫలానా రోజు కీమో అయింది, ఇప్పుడు జ్వరం" అని చెప్పండి. లేకపోతే వైరల్ ఫీవర్ వరుసలో కూర్చోబెడతారు.

పారాసిటమాల్ వేసుకుంటే టెంపరేచర్ దిగుతుంది, ఇన్‌ఫెక్షన్ దిగదు. మా పెద్దమ్మకే ఇలా జరిగింది. రాత్రి తొమ్మిదికి జ్వరమొస్తే బిళ్ల వేశారట. "పాపం డ్యూటీ చేసి పడుకుంది, దాన్నెందుకు లేపడం" అని నాకు పొద్దున ఆరింటికి ఫోన్ చేశారు. అప్పటికి బీపీ 80. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బయటపడింది. ఇంట్లో కీమో మందులు కలిపే మనిషిని పెట్టుకుని జరిగిన సంగతి ఇది. అందుకే ఈ ప్రశ్న మొదట పెట్టాను.

అసలు కీమో అంటే ఏ మందు?

ఒక్క మందు కాదు, వంద దాకా మందులున్న కుటుంబం. "కీమో ఎక్కించారు" అనడం "టిఫిన్ తిన్నాను" అన్నట్టే. ఇడ్లీయో పెసరట్టో తెలియదు.

ఈ కుటుంబంలో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకి ఏ మందూ పనిచేసింది లేదు. దాని తర్వాత అదే చోట తయారైన మెథోట్రెక్సేట్‌ని నేను ఇవాళ పొద్దున కూడా కలిపాను. సుబ్బారావు గారు ఆ 1948లోనే పోయారు.

ఇంకొకటి మన పెరట్లోనే ఉంటుంది. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు బిళ్ల గన్నేరు మొక్క నుంచి వచ్చినవే. ఇది చెప్పగానే "అయితే ఆ ఆకు రసం తాగితే సరిపోదా?" అని కచ్చితంగా ఒకరు అడుగుతారు. సరిపోదు. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ తియ్యాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. పైగా ఆ ఆకులో విషాలు ఇంకా చాలా ఉన్నాయి.

కేన్సర్ కణం గబగబా రెండుగా చీలుతుంది. చాలా కీమో మందులు ఆ చీలే కణాన్నే దెబ్బతీస్తాయి. మన ఒంట్లో మామూలుగానే వేగంగా చీలే కణాలు కూడా ఉన్నాయి: జుట్టు కుదుళ్లు, నోటి నుంచి పేగుల దాకా లోపలి పొర, ఎముక మూలుగ. దెబ్బ వాటికీ తగులుతుంది. జుట్టు రాలడం, నోటి పూత, విరేచనాలు, కౌంట్ (రక్తకణాల సంఖ్య) పడిపోవడం, వీటన్నిటికీ మూలం అదే. ఆ మంచి కణాలు కోలుకోవడానికే కీమోకీ కీమోకీ మధ్య చాలాసార్లు 21 రోజులు ఎడం ఇస్తారు.

పక్క బెడ్ ఆవిడకి వాంతులే లేవు. నాకెందుకు ఇంతలా?

మందు వేరు, మనిషి వేరు. సిస్‌ప్లాటిన్‌కి వాంతులు ఎక్కువ. డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చినా అంతే. విన్‌క్రిస్టిన్‌కి వాంతులు దాదాపు ఉండవు, మలబద్ధకం మాత్రం పట్టి పీడిస్తుంది. వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్‌కి వికారం తక్కువ, కాళ్లు చేతులు తిమ్మిర్లు ఎక్కువ. పక్కవాళ్లతో పోల్చుకునే ముందు మీ మందు పేరు తెలుసుకోండి. డిశ్చార్జి కాగితం మీద ఉంటుంది. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రాత్రిపూట వేరే ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే ఆ ఒక్క ఫొటో చాలా పనిచేస్తుంది.

వాంతుల బిళ్ల వేసుకున్నా వికారం తగ్గట్లేదు. భరించాల్సిందేనా?

అక్కర్లేదు. ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట కీమో తీసుకున్నవాళ్లు చెప్పే కథలు విని చాలామంది ముందే బెదిరిపోయి వస్తారు. ఇప్పుడు మందులు మారాయి.

వాంతుల్లో మూడు రకాలున్నాయి. మొదటి 24 గంటల్లో వచ్చేవి ఒక రకం. వీటికి ఆండన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలొనోసెట్రాన్ బాగా పనిచేస్తాయి. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా సతాయించేవి రెండో రకం. వీటి మీద ఆండన్‌సెట్రాన్ ఒక్కటే అంతగా పనిచెయ్యదు. డెక్సామెథసోన్, అప్రెపిటెంట్, ఒలాంజపిన్ లాంటివి కలపాలి. "మూడో రోజు నుంచే ఎక్కువ" అని మీరు చెబితే తప్ప మాకు ఆ తేడా తెలియదు. మూడోది, ఆస్పత్రి గేటు చూడగానే కడుపులో తిప్పేది. అది నటన కాదు, మెదడు గుర్తుపెట్టుకుని చేసే పని. దానికీ మందుంది.

ఒలాంజపిన్ గురించి ఒక మాట. మెడికల్ షాపులో అబ్బాయి "ఇది మెంటల్ వాళ్లకిచ్చే మందండీ" అంటాడు, లేదా కుర్రాళ్లు నెట్‌లో వెతికి కంగారుపడతారు. నిజమే, అది మానసిక జబ్బులకు వచ్చిన మందే. చిన్న డోసులో రాత్రిపూట వేసుకుంటే కీమో వికారాన్ని బాగా ఆపుతుంది. మత్తుగా ఉంటుంది కాబట్టి పడుకునే ముందే వెయ్యాలి. భయపడి మూల పడేసి, వాంతులకు మళ్లీ అడ్మిట్ అయినవాళ్లను చూశాను.

వాంతి మొదలయ్యాక బిళ్ల వేసుకోవడం కన్నా, చీటీలో రాసిన టైముకి ముందే వేసుకోవడం మేలు. అల్లం ముక్క నమిలితే కొందరికి కాస్త హాయిగా ఉంటుంది. అది బిళ్లకు తోడుగానే. ఆండన్‌సెట్రాన్‌తో మలబద్ధకం, తలనొప్పి వస్తాయి. అవి కూడా కీమో మీదకు నెట్టేస్తుంటారు.

ఎర్ర మందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వచ్చింది. రక్తమా?

డాక్సోరూబిసిన్ రంగే అది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆ తర్వాత కూడా ఎర్రగానే ఉన్నా, మంటగా ఉన్నా చెప్పాలి. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ మూత్రాశయం లోపలి పొరను గాయపరచగలవు. అందుకే ఆ మందులప్పుడు నీళ్లు బాగా తాగమంటాం, ఐఫాస్ఫమైడ్‌తో పాటు మెస్నా అనే మందు ఇస్తాం.

డాక్సోరూబిసిన్ గుండె మీద పనిచేస్తుంది కాబట్టి ముందు టూడీ ఎకో తీయిస్తారు. జీవితం మొత్తానికీ ఇంతకు మించి ఇవ్వకూడదని ఒక లెక్క ఉంది. అందుకే పదేళ్ల తర్వాత మళ్లీ జబ్బు వచ్చినా పాత ఫైలు కావాలి. పారెయ్యకండి.

జుట్టు ఎప్పుడు రాలుతుంది? తిరుమలలో గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నాను.

అందరికీ రాలదు. కాపెసిటాబిన్‌తో, ఆక్సాలిప్లాటిన్‌తో పలచబడితే పలచబడుతుంది, అంతే. డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్‌తో మాత్రం మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి దువ్వెన నిండా వస్తుంది. కనుబొమలు, రెప్పలు కూడా పోవచ్చు. కీమో అయిపోయిన మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందికి మళ్లీ వస్తుంది. మొదట్లో ఉంగరాలు తిరిగి, వేరే రంగులో వచ్చినా ఆశ్చర్యపోకండి.

మొక్కు సంగతి. కీమో మొదలుపెట్టకముందే తీర్చుకోగలిగితే మంచిది. మధ్యలో అయితే రెండు చిక్కులు: కౌంట్ తక్కువున్నప్పుడు అంత జనంలో క్యూలో నిలబడటం, కత్తితో గాట్లు పడటం. డాక్టర్ని అడిగి, మర్నాడు కీమో ఉందనగా సీబీపీ (రక్తకణాల పరీక్ష) బాగున్న రోజుల్లో వెళ్లినవాళ్లున్నారు. అన్నీ అయ్యాక కొత్తగా వచ్చిన మొదటి జుట్టు ఇస్తానని మొక్కు మార్చుకున్న ఒక అమ్మమ్మ కూడా ఉంది. నాకు ఆవిడ లెక్కే నచ్చింది. ఇంట్లో గుండు చేయించుకునేవాళ్లు కత్తి బదులు ట్రిమ్మరు వాడండి.

పథ్యం ఏమిటి? ఏవేవి మానాలి?

కిటికీ దగ్గర అన్నిటికన్నా ఎక్కువ వినేది ఇదే, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేదీ ఇదే. కోపం అడిగినవాళ్ల మీద కాదు, సలహాలిచ్చే చుట్టాల మీద.

మనకి జబ్బంటే పథ్యం. బాలింతకు పథ్యం, కామెర్లకు పథ్యం. ఆ లెక్కనే కేన్సర్‌కి కూడా గుడ్డు వద్దు, మాంసం వద్దు, వంకాయ వద్దు, గోంగూర వద్దు, పాలు వద్దు, పంచదార వద్దు అని కొట్టేసుకుంటూ పోతే చివరికి చారన్నం, పాలు లేని కాఫీ మిగులుతాయి. మూడో కీమోకి వచ్చేసరికి మనిషి ఏడెనిమిది కిలోలు తగ్గి ఉంటాడు. చాలా కీమో మందుల డోసు ఎత్తు, బరువు చూసి లెక్కకడతాం. బరువు అంత తగ్గితే లెక్క మళ్లీ చెయ్యాలి, కీమో వాయిదా కూడా పడొచ్చు. జబ్బుకన్నా ముందు పథ్యం పడగొట్టిన మనుషులు వీళ్లు.

పాడైన కణాల చోట కొత్తవి పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, చికెన్, చేప, పప్పు, పెరుగు, పనీరు, వేరుశనగ, మీ ఇంట్లో ఏది తింటే అది తినండి. మాంసం తినేవాళ్లు మానక్కర్లేదు, బాగా ఉడికితే చాలు. తిననివాళ్లు పప్పు, పెరుగు పెంచితే చాలు. పంచదార తింటే కేన్సర్ కణాలకు మేత వేసినట్టే అంటారు. ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజు వాడుకుంటుంది. మీరు కాఫీలో చక్కెర మానేసినంత మాత్రాన కేన్సర్ పస్తుండదు. షుగర్ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, కింద చెప్తాను.

జాగ్రత్త ఉండాల్సింది శుభ్రం దగ్గర. రోడ్డు పక్క చెరుకు రసం, పానీపూరీ, కోసి పెట్టిన పండ్ల ముక్కలు, బండి మీద పచ్చళ్లు, సగం ఉడికిన గుడ్డు, పచ్చిపాలు వద్దు. రాత్రి నానబెట్టిన చద్దన్నం మామూలు రోజుల్లో మంచిదే, కౌంట్ తక్కువున్న వారంలో మాత్రం పక్కన పెట్టండి. పండ్లు పూర్తిగా మానమని కాదు, బాగా కడిగి అరటి, కమలా లాంటి తొక్క తీసేవి తినండి. పచ్చి కూర, పచ్చి పండు అన్నీ నిషేధించే పాత పద్ధతి వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని రుజువు కాలేదు. కాబట్టి అంత కఠినంగా ఉండక్కర్లేదు.

నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌దో చెక్కదో వాడి చూడండి. నోటి పూత లేకపోతే నిమ్మకాయ పులిహోర, కాస్త చింతపండు పులుపు చాలామందికి లోపలికి పోతాయి. మూడు పూటల పెద్ద కంచం బదులు ఆరుసార్లు కొంచెం కొంచెం. పోపు వాసనకే కడుపులో తిప్పుతుంటే ఆ కాసేపు రోగిని వంటింటికి దూరంగా కూర్చోబెట్టండి, చల్లారిన అన్నం పెట్టండి. వేడి మీద వాసన ఎక్కువ.

నోటి పూత వచ్చి నీళ్లు కూడా మింగలేకపోతున్నాం.

గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా వంట సోడా, చిటికెడు ఉప్పు. రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. పూత వచ్చాక కాదు, మొదటి రోజు నుంచే. మెత్తటి బ్రష్ వాడండి. వేపపుల్ల మానండి, చిగుళ్లు చీరుకుపోతాయి. ఘాటు మౌత్‌వాష్‌లూ వద్దు, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. ఆవకాయ, మిరపకాయ బజ్జీ కొన్నాళ్లు ఆగాలి. పెరుగన్నం, రాగి జావ, మెత్తటి ఇడ్లీ పాలల్లో ముంచి, ఇలా గడిపేయండి. నాలుక మీద తెల్లటి పొర కడితే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందుంది. నీళ్లే దిగకపోతే ఇంటి వైద్యం చాలించి ఆస్పత్రికి రండి.

5-ఎఫ్‌యూ అనే కీమో ఇంజెక్షన్ ఒక్కసారిగా ఇచ్చేటప్పుడు ఐసు ముక్కలు చప్పరిస్తే నోటి పూత తగ్గుతుంది. అయితే అదే రోజు ఆక్సాలిప్లాటిన్ కూడా ఉంటే ఐసు జోలికి పోకూడదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

చల్లటి నీళ్లు తాగగానే గొంతు పట్టేసినట్టయింది. ఊపిరి ఆగిపోతుందేమో అనిపించింది.

ఆక్సాలిప్లాటిన్ పని ఇది. చల్లదనం తగిలితే నరాలు అతిగా స్పందిస్తాయి. గొంతు బిగుసుకున్నట్టు, వేళ్లలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది. భయంకరంగా ఉంటుంది గానీ నిజంగా ఊపిరి గొట్టం మూసుకుపోదు. గోరువెచ్చటి నీళ్లు గుటక వేసి, నిదానంగా ఊపిరి తీసుకుంటే తగ్గిపోతుంది. ఎంతకీ తగ్గకపోయినా, దద్దుర్లు, ముఖం వాపు ఉన్నా అది ఎలర్జీ కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కీమో తర్వాత కనీసం నాలుగైదు రోజులు ఫ్రిజ్ తెరిచే పని ఇంకొకరికి అప్పగించండి. మే నెలలో కుండనీళ్లు కూడా తాగొద్దంటే కష్టమే, తెలుసు. తిరుగు ప్రయాణంలో ఏసీ బస్సు అయితే సాక్సులు, మఫ్లరు పెట్టుకోండి. మేలో మఫ్లరేంటని బస్సులో చూస్తారు, చూడనివ్వండి.

విరేచనాలు ఆగట్లేదు.

ఇరినోటెకాన్, కాపెసిటాబిన్ ఈ విషయంలో ముఖ్యులు. మామూలు కన్నా రోజుకి నాలుగుసార్లు ఎక్కువ వెళ్తుంటే, లేదా రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సి వస్తుంటే, కాపెసిటాబిన్ బిళ్లలు ఆపి ఫోన్ చెయ్యాలి. డోసు పోతుందని బిళ్లలు కొనసాగించడమే ప్రమాదం. కొందరి ఒంట్లో ఈ మందుని విరిచే డీపీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. వాళ్లకి మొదటి వారం రెండు వారాల్లోనే నోరు, పేగులు, కౌంట్ అన్నీ ఒక్కసారి దెబ్బతింటాయి. ఇరినోటెకాన్ తీసుకునేవాళ్లకి లోపెరమైడ్ ముందే రాసిస్తాం. దాని లెక్క మామూలు విరేచనాలకు వేసే లెక్క కాదు, చీటీలో రాసినట్టే వెయ్యాలి. జ్వరం కూడా ఉంటే మాత్రం ఇంట్లో లోపెరమైడ్ వేసుకుంటూ కూర్చోకండి. ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి తాగుతూ ఉండండి.

బిళ్లలే కదా, ఇంజెక్షన్ అంత బలం ఉండదు కదా?

ఇదో పెద్ద అపోహ. కాపెసిటాబిన్ ఒంట్లోకి వెళ్లాక 5-ఎఫ్‌యూగా మారేదే. తిన్న అరగంటలోపు నీళ్లతో వేసుకోవాలి. నూరకూడదు, విరవకూడదు. మర్చిపోయిన బిళ్ల కోసం తర్వాత రెండు వెయ్యకూడదు.

దీనితో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంటపుడతాయి, తర్వాత తోలు ఊడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మంది మీద చేసిన పరిశోధన 2024లో వచ్చింది. నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్‌ని చేతులకు రోజూ రెండుసార్లు రాస్తే, ఇబ్బందిపెట్టే స్థాయి మంట నూటికి 15 మంది నుంచి 4 మందికి తగ్గింది. ఇరవై ముప్ఫై రూపాయల నుంచి దొరికే ట్యూబు అది. డాక్టర్ని అడిగి వాడండి. "చలవ చేస్తుంది" అని గోరింటాకు పెట్టుకొస్తారు కొందరు. అరచెయ్యి ఎర్రబడిందో లేదో మాకిక ఎలా తెలుస్తుంది చెప్పండి?

కాళ్లు తిమ్మిర్లెక్కాయి. చెబితే డోసు తగ్గిస్తారేమో అని చెప్పలేదు.

ఈ మాట నాకు నెలకి నాలుగుసార్లయినా వినిపిస్తుంది. మంచి రోగి అంటే ఓర్చుకునే రోగి అని మనకు ఎక్కడో నాటుకుపోయింది. "ఏమ్మా ఎలా ఉంది?" అని డాక్టరు అడిగితే "బాగానే ఉందండీ" అని, బయటికొచ్చి నా కిటికీ దగ్గర చెప్పు ఎప్పుడు ఊడిపోయిందో తెలియలేదని చెప్తారు.

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్, సిస్‌ప్లాటిన్ నరాలను దెబ్బతీస్తాయి. మొదట వేళ్ల చివర్లు మొద్దుబారతాయి, తర్వాత బొత్తాం పెట్టుకోలేరు, ముగ్గు పిండి చేతిలో ఉన్నదీ లేనిదీ తెలియదు. సరైన టైములో డోసు కాస్త తగ్గిస్తే, ఎడం పెంచితే, మందు మారిస్తే ఆగుతుంది. దాచిపెడితే శాశ్వతంగా మిగిలిపోవచ్చు. డోసు తగ్గించడం ఓడిపోవడం కాదు. ముందు అనుకున్న డోసు మీ ఒంటిని చూడకముందు వేసిన లెక్క. ఇప్పుడు ఒళ్లే చెప్తోంది కదా.

నొప్పితో కూడిన తిమ్మిర్లకి డ్యులాక్సెటిన్ కొంతవరకు పనిచేస్తుంది. బి విటమిన్ బిళ్లలు అందరికీ రాస్తారు గానీ, లోపం లేనివాళ్లకి లాభం ఉందన్న రుజువు గట్టిగా లేదు. పొలం పని ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా దిగకండి. స్నానానికి నీళ్ల వేడి ఇంకొకరి చేత చూపించుకోండి.

కౌంట్ తక్కువుందని కీమో వాయిదా వేశారు. బొప్పాయి ఆకు రసం తాగితే పెరుగుతుందా?

వద్దు. అది డెంగ్యూ రోజుల నుంచి ప్రచారంలో ఉంది. కీమో వల్ల పడిపోయిన కౌంట్‌కి పనిచేస్తుందని రుజువు లేదు. పచ్చి ఆకు రసం శుభ్రంగా ఉండదు, కొందరికి వాంతులూ అవుతాయి. దానిమ్మ, బీట్‌రూట్ తినండి, తప్పు లేదు, వాటితో తెల్లకణాలు మాత్రం పెరగవు.

అవసరమైతే ఫిల్‌గ్రాస్టిమ్, పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు ఇస్తారు. కీమో అయిన 24 గంటల తర్వాతే ఇవ్వాలి. మర్నాటి నుంచి నడుము, తొడ ఎముకలు లాగేస్తాయి. మూలుగ పనిలో పడిందని అర్థం. ఈ నొప్పికి బిళ్ల వేసుకునే ముందు టెంపరేచర్ చూసుకోవడం మరవకండి. ఒక వారం వాయిదా పడితే వైద్యం చెడిపోయినట్టు కాదు.

నరం దొరకట్లేదని పోర్ట్ పెట్టించుకోమంటున్నారు. తప్పదా?

పోర్ట్ అంటే మందు నేరుగా పెద్ద నరంలోకి వెళ్లేలా చర్మం కింద అమర్చే చిన్న పరికరం. నెలల తరబడి సాగే వైద్యం అయితే నేను పెట్టించుకోమనే అంటాను. డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ లాంటివి నరం దాటి కండలోకి కారితే చర్మం కుళ్లిపోతుంది. మందు ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర మంట, వాపు, లాగుడు, ఏది అనిపించినా అప్పుడే కేకెయ్యండి. బాటిల్ అయిపోయాక చెబుదామని ఆగొద్దు.

వేరే కంచం, వేరే గ్లాసు పెట్టాలా? మనవడు పక్కలో పడుకోవచ్చా?

కేన్సర్ అంటుకోదు. కంచం వేరు చెయ్యక్కర్లేదు. మనవణ్ణి ముద్దాడొచ్చు, వాడికి జలుబు, జ్వరం లేకపోతే చాలు. అమ్మకి వేరే కంచం పెట్టిన ఇళ్లలో అమ్మ తినడం తగ్గిపోతుంది, అది చూశాను.

జాగ్రత్త వేరే చోట కావాలి. కీమో తర్వాత 48 గంటలు మూత్రం, మలం, వాంతిలో మందు జాడలుంటాయి. కమోడ్ అయితే మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యండి. ఇండియన్ లెట్రిన్ అయితే చిమ్మకుండా నీళ్లు ఎక్కువగా పొయ్యండి. తడిసిన దుప్పట్లు గ్లౌజులతో తీసి విడిగా ఉతకండి. కడుపుతో ఉన్న కోడలి చేత, కూతురి చేత ఈ పనులు చేయించకండి.

అడగడానికి సిగ్గుగా ఉంది… భార్యాభర్తలం కలిసి ఉండొచ్చా? తర్వాత పిల్లలు పుడతారా?

ఓపిక ఉంటే ఉండొచ్చు. కీమో తర్వాత ఆ రెండు మూడు రోజులు కండోమ్ తప్పనిసరి. వైద్యం నడుస్తున్నంత కాలం, ఆపైన డాక్టరు చెప్పినన్ని నెలలు గర్భం రాకూడదు. నెలసరి ఆగిపోయినా గర్భం రావచ్చు. పిల్లలు కావాలనుకునే వయసు అయితే వీర్యం, అండాలు భద్రపరచుకునే సంగతి మొదటి కీమోకి ముందే మాట్లాడాలి. పెళ్లికాని అబ్బాయిల తండ్రులు ఈ మాట ఎత్తనివ్వరు. మూడేళ్ల తర్వాత ఆ అబ్బాయే వచ్చి అడుగుతాడు.

షుగర్ ఉంది. కీమో రోజు నుంచి 400 చూపిస్తోంది.

వాంతులకు, ఎలర్జీకి ముందుగా ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్. అదే షుగర్ పెంచేది. రాత్రి నిద్ర పట్టకపోవడం కూడా దానివల్లే. ఇంట్లో వేసుకునే డోసు పొద్దున టిఫిన్ తర్వాత పెట్టుకోవచ్చేమో అడగండి. ఆ రోజుల్లో షుగర్ రోజూ చూసుకుని, మందు మార్చాలేమో మీ షుగర్ డాక్టరుతో మాట్లాడండి. సొంతంగా అన్నం మానేసి షుగర్ దించకండి.

నాటు మందు కూడా పక్కన వాడితే నష్టమేంటి?

కూరలో పసుపు, తులసి టీ వేరు, డబ్బాల్లో వచ్చే బిళ్లలు, భస్మాలు వేరు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. కొన్ని మూలికలు లివర్ని దెబ్బతీస్తాయి. లివర్ పరీక్ష చెడితే అది కీమో వల్లో, పొట్లం వల్లో తేల్చుకోలేక కీమో ఆపాల్సొస్తుంది. వాడుతుంటే దాచకండి. నేను తిట్టను, పొట్లం తెచ్చి చూపించండి.

ఖర్చు?

ముందు కార్డు సంగతి చూసుకోండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమో ఉంటుంది. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది, వైద్యం మొదలుపెట్టకముందే అక్కడ మాట్లాడండి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రి ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. చికిత్సకు రైల్లో వెళ్లే కేన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో చార్జీ ఉండదు, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం రాయితీ ఉంటుంది. ఆస్పత్రి ఇచ్చే ఫారం కావాలి.

జనరిక్ అంటే నాసిరకం అనుకోకండి. సొరాఫెనిబ్ అనే మందు నెలకి 2 లక్షల 80 వేలు ఉండేది. 2012లో పేటెంట్ కార్యాలయం తప్పనిసరి లైసెన్సు (పేటెంటున్న కంపెనీ ఒప్పుకోకపోయినా వేరే కంపెనీ తయారుచెయ్యడానికి అనుమతి) ఇచ్చాక హైదరాబాద్ కంపెనీ నాట్కో దాన్ని 9 వేల లోపు అమ్మింది. 2019లో 42 కేన్సర్ మందుల మీద అమ్మకం లాభం 30 శాతం దాటకూడదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. అయినా కేన్సర్ మందుల్లో ఎమ్మార్పీకి, అమ్మే ధరకి తేడా ఉండొచ్చు. కాబట్టి రెండు మూడు చోట్ల ధర అడగడానికి మొహమాటపడొద్దు. బిల్లు లేకుండా, ఇంటికి తెచ్చి ఇస్తామనే మనిషి దగ్గర మాత్రం కొనకండి.

చివరి కీమో అయిపోయింది. ఇక అన్నీ మామూలేనా?

చివరి కీమోకి కూడా ఏడో రోజు, పదో రోజు ఉంటాయి. స్వీట్లు పంచేసి థర్మామీటరు పక్కన పడేస్తారు, అదే తప్పు. నీరసం నెలల పాటు ఉండొచ్చు. పడుకుంటే పెరుగుతుంది, రోజూ పది నిమిషాలు వాకిట్లో నడిస్తే తగ్గుతుంది. మాటల మధ్యలో పేర్లు మర్చిపోవడం కూడా చాలామందిలో ఉంటుంది, మెల్లగా సర్దుకుంటుంది. పోర్ట్ తీయించనంత కాలం ఆస్పత్రి చెప్పిన గడువుకి దాన్ని ఫ్లష్ చేయించుకోవాలి, అంటే మూసుకుపోకుండా లోపల కడిగించుకోవాలి. లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) ఏవైనా సరే డాక్టర్ని అడగకుండా వేయించుకోకండి. మిగిలిపోయిన కీమో బిళ్లలు చెత్తలోనో, కాలవలోనో వెయ్యకుండా మా కిటికీకి తెచ్చి ఇచ్చెయ్యండి.